చిన్నది అంటే ఏ చిన్నది

మొన్న ఫోనులో మీ అక్కచెల్లెండ్లు ఇద్దరూ ఒకే గొంతుతో అడిగినారు కదా, "అవ్వా, నీ కాడ కంబళ్ళు రెండుండాయి, చిన్నది మాకు పంపు" అని. సరేనని చెప్పి వారమాయ. కంబళి మీకింకా రాలేదు. ఈ కత వినేదాకా రాదు గూడా.

యాలంటే, "చిన్నది పంపు" అన్నంత మాత్రాన నమ్మి పంపేసిన మనిషిని నేను. ఒకసారి పంపినా. ఆ దెబ్బకు మా అవ్వ రెండు దినాలు అన్నం ముట్టలేదు, మా నాయన పొలం ఇడిసిపెట్టి కుప్పానికి పరిగెత్తినాడు, మద్రాసులో నా సదువు ఆవుతోక కొనకు కట్టిన పేలిక లాగ ఊగులాడింది. మీ మామ ఈ ఫోనులో ఏందో నొక్కిపెట్టి పోయినాడు, నేను మాట్లాడేదంతా అది పట్టుకుంటాదంట. నా గొంతు మెత్తన. చెవికి ఆనించుకోని వినండి.

అప్పుడు నాకు పదిహేడేండ్లు. యుద్ధం అయిపోయింది గాని పెట్రోలు ఇంకా సరిగా దొరకతా లేదు, మా పక్క బస్సులు బొగ్గు మీదే నడిచేవి. నేను మద్రాసులో మేనమామ ఇంట్లో ఉండి ఇంటర్ చదవతాండా. ఎనిమిదేండ్లప్పుడే పోయినా ఆడికి. ఎండాకాలం సెలవులకు మా అమ్మగారి ఊరు వాయల్పాడుకు పోయేదాన్ని. పుంగనూరులో మా సొంత ఇంట్లో యేడాదికి నాలుగు దినాలుంటే గొప్ప. కాబట్టి ట్రాము ఏది యాడికి పోతాదో నాకు నోటికొచ్చు. పాలు యాడి నుంచి వస్తాయంటే మాత్రం, గిన్నెలో నుంచి అనేదాన్ని.

ఆ యేడు క్రిస్మస్ సెలవులకు, మామూలుగా కాకుండా, పుంగనూరుకే రమ్మని మా నాయన జాబు రాసినాడు. మా అవ్వకు క్రిస్మస్ అనే మాట నోరు తిరగదు. నేను బస్సు దిగి ఇంట్లోకొచ్చి ట్రంకుపెట్టె కింద పెట్టినానో లేదో, "ఏమే, కిస్మిస్ సెలవులకని వచ్చినావు, కిస్మిస్‌లు యాడ?" అనింది.

"కిస్మిస్‌లు తేలేదవ్వా. పుస్తకాలు తెచ్చుకున్నా, పోయినాక పరీక్షలుండాయి."

"అవి నానబెడితే ఉబ్బతాయా?"

ఆ పొద్దు సంగటి తింటా మా నాయన నోరు తెరిచినాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. నోరు తెరిచినాడంటే మేమంతా చెయ్యి కడుక్కోని వినాల్సిందే.

"చిన్నదీ," అన్నాడు. సోమల అనే ఊరికి ఇచ్చిన మా అక్క పెద్దది, నేను చిన్నది. ఇంట్లో నా అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప యాడా వాడేవాళ్ళు కాదు. "సదువు తలకెక్కే కొద్దీ బుద్ధి కాళ్ళల్లోకి దిగిపోతాదని ఊర్లో అంటాండారు. నిజమో అబద్ధమో సూద్దామనే నిన్ను పిలిపించినా. ఈ సెలవుల్లో ఇంటిపని సెప్పినప్పుడు సక్కంగా చేస్తే మళ్ళీ మద్రాసుకు పోదువు. లేదంటే పుస్తకాలు అటక మీదికి."

మద్రాసు యాడ, అటక యాడ. నేను ఆ దినం నుంచే ఒక తీర్మానం చేసుకున్నా. ఏం చెప్పినా "సరే నాయనా" అనేది. మారు మాట అడగకూడదు. అదే నా కొంప ముంచింది అనుకోండి.

మా పక్క మార్గశిరం చలి మీరు చూడలేదు. మద్రాసులో చలికాలం అంటే ఫ్యాను ఆపేసేది. ఈడ మంచు వాకిట్లో బాడుగకు దిగిన మనిషి లాగ పది గంటలదాకా కదిలేది కాదు. నేను అవ్వ కంబళి నెత్తి మీద నుంచి కప్పుకోని, ముక్కు, పుస్తకం మాత్రం బయటికి పెట్టుకోని మిద్దె మీద ఎండకు కూర్చునేదాన్ని. అవ్వ కింద నుంచి చూసి, "మిద్దె మీద ఎలుగ్గొడ్డు సదవతాండాది" అని వీధిలో పొయ్యేవాళ్ళందరికీ చెప్పేది.

ఆ మిద్దె మీద నుంచి కొట్టం కనపడేది. కొట్టంలో రెండు పశువులు. అంతకుముందు మా ఇంట్లో ఎనుములే, మీరనే గేదెలే, ఉండేవి, ఈ రెండూ ఆ యేడు వచ్చినవి. ఒకటి తెల్లగా, పొట్టిగా, గుండ్రంగా, నా నడుము దాకా ఉండాది. ఇంకొకటి ఎర్రగా, పొడుగ్గా, నా భుజం దాకా ఉండాది. ఇంట్లో వాళ్ళు ఒకదాన్ని "పెద్దది" అనేవాళ్ళు, ఇంకొకదాన్ని "చిన్నది". అవ్వ దినానికి పదిసార్లు అనేది, "పెద్దది ఈ నెల్లోనే ఈనేటట్టుండాది, జాగర్త" అని. నేను జాగర్తగానే ఉన్నా. పొడుగుదాని పక్కకు పోయినప్పుడు అడుగు మెల్లగా వేసేదాన్ని, ఎవరూ చూడకుండా రెండు పిడికిళ్ళ గడ్డి ఎక్కువ వేసేదాన్ని, పాపం కడుపుతో ఉండాదని. అది నన్ను వింతగా చూసేది.

నవ్వతాండారా? అంటే పుంగనూరు ఆవు సంగతి మీకు తెలుసన్నమాట. ముసలిదైనా మన నడుము దాటి ఎదగని జాతి అది. నా ఊరి పేరు పెట్టుకున్న ఆవే అది, అయినా నాకే తెలీదు. ఆ పొట్టిదానికి ఎనిమిదేండ్లు. పొడుగుది మైసూరు పక్క జాతి పెయ్య, దానికి రెండేండ్లు గూడా నిండలేదు.

ఆ వారంలో మా అవ్వ కండ్లు మసకలు కమ్ముతాండాయని మదనపల్లె ఆస్పత్రికి తీసుకపోయినారు. మా అమ్మ, నాయన, అవ్వ ముగ్గురూ తొలి బస్సుకు బయలుదేరినారు. గడప దాటతా మా నాయన వెనక్కి తిరిగినాడు.

"కుప్పం నుంచి మీ అత్త మనిషి మునెప్ప వస్తాడు. చిన్నదాన్ని ఆయన చేతికిచ్చి పంపు. మీ అవ్వ మీ అత్తకు మాటిచ్చుండాది."

"సరే నాయనా."

"చిన్నదాన్ని."

"సరే నాయనా, చిన్నదాన్నే."

రెండుసార్లు చెప్పినాడు. రెండుసార్లూ నాకు తప్పుగానే అర్థమాయ.

మంచులో నుంచి మునెప్ప వచ్చినాడు. యాభై దాటిన మనిషి, భుజాన కంబళి, చెవులు కొంచెం మందం. మా అత్త, అంటే నాయన చెల్లెలి, సేద్యం అంతా ఆయన చేతిలోనే. ఇంతలావు చెంబుతో నీళ్ళు తాగి కొట్టంలోకి వచ్చి, నేరుగా పొడుగుదాని పగ్గం పట్టుకున్నాడు.

"మునెప్పా, అది కాదు. చిన్నది."

"ఇదే కదా పాపా చిన్నది."

నేను నవ్వినా. మద్రాసు నవ్వు. "నీకు గూడా కండ్లు మసకలా? అది నా భుజందాకా ఉండాది. చిన్నదంటే ఇదిగో, ఇది."

మునెప్ప పొట్టిదాన్ని చూసినాడు, నన్ను చూసినాడు, మళ్ళీ దాన్ని చూసినాడు. "పాపా, ఇది నిండుగా ఉండాదే."

"ఉండదా మరి? మా ఇంట్లో మేతకు లోటా?"

"అది కాదు పాపా. కుప్పం దాకా నడిపించాల. దోవలో ఏమన్నా అయితే?"

"ఏమైతాది? చిన్న పిల్ల, గంతులేసుకుంటా పోతాది."

మునెప్ప తల గోక్కున్నాడు. "పాపా, నిజంగా ఇదే ఇయ్యమన్నారా?"

నాకు మా నాయన పరీక్ష గుర్తొచ్చింది. పని చెప్తే చక్కంగా చేయాల. ఈ మనిషి చూస్తే ప్రశ్నల మీద ప్రశ్నలు. ఇంకొంచెం గొంతు పెంచి చెప్పినా, "మునెప్పా, పెద్దోళ్ళు చెప్పినాక మళ్ళీ మళ్ళీ అడగకూడదు. చెప్పినట్టు చెయ్యాల."

ఈ మాట మీరు గుర్తు పెట్టుకోండి. మునెప్ప గూడా గుర్తు పెట్టుకున్నాడు.

ఆయన ఆకాశం వైపు చేతులెత్తి దండం పెట్టినాడు. "మా అవ్వ మనసు ఎంత పెద్దదప్పా" అని, పొట్టిదాన్ని మెల్లగా, గాజుబుడ్డి నడిపించినట్టు నడిపించుకోని పోయినాడు. నేను దానికి బొట్టు గూడా పెట్టి పంపినా. ఆపైన మిద్దెక్కి, ఒక్క పనైనా మద్రాసు పద్ధతిలో అయ్యిందని పొంగిపోయి, నాలుగు పేజీలు ఎక్కువ చదివినా.

మరుదినం సాయంత్రం ముగ్గురూ తిరిగొచ్చినారు. మా అవ్వ కండ్లల్లో మందు వేసి ఆకుపచ్చ గుడ్డ కట్టుండారు, ఏమీ కనపడదు. అయినా ఇంట్లోకి రాకముందే కొట్టంలోకి పోయింది. ఆవు వీపు నిమరకుండా ఆమెకు పొద్దు కుంకేది కాదు. అలవాటుగా నడుమెత్తులో చెయ్యి చాపింది. చేతికి వీపు తగల్లేదు. ఇంకొంచెం ముందుకు పోయింది. చేతికి కడుపు తగిలింది. కడుపు మీద నుంచి చెయ్యి పైకి, పైకి, పైకి.

"ఏమే, పెద్దది ఒక్క దినంలో ఇంత పొడుగెట్లాయ?"

మా అమ్మ వచ్చి చూసి చెంబు జారవిడిసింది. మా నాయన వచ్చి చూసి, పోయి అరుగు మీద కూర్చున్నాడు.

"చిన్నదాన్ని పంపమంటిరే," అన్నా నేను.

"పంపినావా?"

"పంపినా."

"మరి ఇది ఏంది?" అని మా అమ్మ పొడుగుదాని వైపు చెయ్యి చూపించింది.

"పెద్దది."

మా అవ్వ గుడ్డ కట్టుకున్న కండ్లతోనే నా వైపు తిరిగింది. "ఏమే, నువ్వు మీ అక్క కంటే జానెడు పొడుగుండావు. అంత మాత్రాన మీ అక్కకు నువ్వు అక్కవైతావా?"



"ఈనబొయ్యే ఆవును," అనింది అవ్వ, "అంత దూరం నడిపించి తోలేసింది. ఈ చలిలో." పోయి మంచం మీద పడుకునింది. అన్నానికి పిలిస్తే లేవలేదు.

మా నాయన అరుగు మీద నుంచే మెల్లగా అన్నాడు. "అమ్మీ, నిచ్చెన యాడుండాదో సూడు."

నిచ్చెన తెచ్చి అటకకు ఆనించి పెట్టినా. నా చేతులతో నేనే.

అప్పుడు మంచం మీద నుంచి అవ్వ అనింది, "దాన్ని అటకెక్కించేది మళ్ళీ సూద్దువు. ముందు నా ఆవును తెచ్చి ఈడ దింపు."

పొద్దున్నే నేను, నాయన కుప్పం బయలుదేరినాము. బొగ్గు బస్సు అంటే బస్సు వెనకాల ఒక పెద్ద పొయ్యి. మిట్ట వచ్చినప్పుడల్లా అది దగ్గి నిలబడేది, మేము దిగేది, అది తేరుకునేది, మేము ఎక్కేది. పలమనేరు దాటినాక మా నాయన కిటికీలో నుంచి తల బయట పెట్టి దోవలో కనపడిన ప్రతి పశువునూ చూస్తాండాడు. ఎట్లన్నా మంచి పేరు తెచ్చుకుందామని నేనూ చూసినా.

"నాయనా, అదిగో."

"అది ఎనుము."

కాసేపటికి, "నాయనా, అదైతే..."

"అది మేకపోతు. నువ్వు పుస్తకం సదువుకో."

మునెప్ప యాడా కనపడలేదు. మట్టిబాటలు పట్టి ఊర్ల లోపల నుంచి పోతాండాడని తర్వాత తెలిసింది. మేము ఆవు కంటే ముందే కుప్పం చేరినాము. మా అత్త వాకిట్లో మమ్మల్ని చూసి, "ఏమన్నా, ఉన్నట్టుండి వచ్చినావు?" అనింది.

"ఆవును చూద్దామని," అన్నాడు నాయన.

"ఆవు మీ ఇంటి నుంచే కదా రావాల?"

"దాన్నే."

అత్త ఆయన్ను, నన్ను మార్చి మార్చి చూసి, ఇద్దరికీ ఎండ దెబ్బ తగిలిందనుకోని మజ్జిగ ఇచ్చింది. చలికాలంలో.

మరుదినం మధ్యాన్నం మునెప్ప వచ్చినాడు. ముందు పొట్టావు, వెనకాల ఆయన. ఆయన కంబళి ఆవు మీద ఉండాది, ఆయన ఒంటి మీద అంగీ మాత్రమే ఉండాది. "ఒక కోసు నడిస్తే రెండు కోసుల సేపు పండుకునింది అమ్మా," అన్నాడు, ముక్కు తుడుచుకుంటా. "నేను తొందర చెయ్యలేదు. నిండుమనిషి కదా."

అత్త మొకం వెలిగిపోయింది. ఆవు చుట్టూ తిరిగింది, గంగడోలు నిమిరింది. "మా అమ్మ పెయ్యనిస్తాననింది గాని ఈనే ఆవునే ఇచ్చేసింది. ఎంత ప్రేమ."

"అది తప్పు చెల్లీ," అన్నాడు నాయన. "చిన్నదాన్ని పంపాల్సింది."

"ఇది చిన్నది కాదా? కొలిచి చూడు."

"చెల్లీ..."

"ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే వంశమా మనది? సెప్పన్నా."

మా నాయనకు మాటలు తక్కువని చెప్పినా కదా. ఉన్నవి గూడా అయిపోయినాయి. ఆయన పోయి అరుగు మీద కూర్చున్నాడు. నేను అత్త దగ్గరికి పోయి, ఎవరికీ వినపడకూడదని మెల్లగా చెప్పినా. "అత్తా, తప్పు నాది. ఈ ఆవు తిరిగి రాకుంటే నా పుస్తకాలు అటకెక్కతాయి. నిచ్చెన గూడా ఏసిపెట్టి వచ్చినా."

అత్త ఆవు మీది చెయ్యి తీయలేదు.

"నన్ను ఐదో క్లాసులో నిలిపేసినారు," అనింది. "అప్పుడు మన ఇంట్లో ఏ ఆవూ తప్పిపోలేదు. నేను ఎవరినీ ఏమీ తోలి పంపలేదు. ఊరికే నిలిపేసినారు."

ఆ మాట అరుగు మీదికి గూడా వినపడింది. నేను మెల్లగా మాట్లాడతా గాని మా అత్తకు మెల్లగా మాట్లాడేది రాదు. నాయన తల వంచుకోని చెప్పుల వైపు చూస్తా కూర్చున్నాడు.

"బండి కట్టు మునెప్పా," అనింది అత్త. "దీన్ని ఇంక నడిపించొద్దు. ఆడ దింపి, పెయ్యను తోలుకోని రా." నా నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. "ఈసారి నోరు తెరిపించి పండ్లు చూసి వయసు కట్టి పంపు."

మేము బస్సులో వచ్చేసినాము. మూడో దినం మునెప్ప బండి తోలుకోని వచ్చినాడు. మా ఊరి చరిత్రలో ఎద్దులు లాగతా ఉంటే ఆవు కూర్చోని వచ్చేది అదే మొదలు. ఆ మరుదినమే ఈనింది. దూడ ఎంతంటే, కుందేలు పక్కన నిలబడితే కుందేలే పెద్దమనిషి లాగ కనపడాల. మా అవ్వ కండ్ల గుడ్డ తీసేసి మొదట చూసింది దాన్నే. ఆ పొద్దు రెండు పూటల అన్నం ఒక్కసారే తినింది.

ఇంట్లో అంతా నవ్వులే. నిచ్చెన మాత్రం అటకకు ఆనించినది ఆనించినట్టే ఉండాది. మా నాయన దాని కింద నుంచి దినానికి పదిసార్లు పోతాడు, వస్తాడు, దాన్ని కదిలించడు. పెయ్యను తోలుకపోవాల్సిన మునెప్ప గూడా, ఎద్దులు అలిసినాయని, ఇంకా మా ఇంట్లోనే ఉండాడు. సెలవులు అయిపోయే దినం వచ్చింది. మరుదినం తొలి బస్సు పోతే తప్ప రైలు అందదు. నేను అడగలేదు, అడిగితే ఏమంటాడో అని. పుస్తకాలు మూట కట్టి పెట్టినా, అటకకైనా మద్రాసుకైనా అదే మూట కదా.

పొద్దున్నే ఇంకా మంచు ఇడవలేదు, బస్సు కండక్టరు మా వాకిట్లోకి వచ్చినాడు. దూరంగా బస్సు పక్క నుంచి పొట్టావు అరుపు వినపడతాండాది. "అన్నా, నువ్వొకసారి రావాల," అన్నాడు మా నాయనతో. "మీ మనిషి ఒకాయన చంకలో దూడను పెట్టుకోని మద్రాసుకు టికెట్టు అడగతాండాడు. పోనీలే అంటే, దాని తల్లి బస్సు ముందర అడ్డం నిలబడుకునింది."

అంతా పరిగెత్తినాము. బస్సు పక్కన మునెప్ప. చంకలో దూడ, మెడలో చేమంతి దండ, బొట్టు, పక్కన చిన్న గడ్డిమోపు. దూడను మద్రాసుకు యాల పంపిస్తాండారు? నా బదులా? నా సీటులో అదా?

"ఏంది మునెప్పా ఇది?" అన్నాడు నాయన.

"మీరే కదా సామీ రాత్రి సెప్పింది. చిన్నదాన్ని పొద్దున తొలి బస్సుకు తోలుకోని పో, మద్రాసుకు పోతాండాది అని."

"తోలుకోని కాదప్పా. తోడుకోని పో అన్నా."

"చెవులు మందం సామీ. కానీ ఈసారి బాగా ఆలోచన చేసినా. పెయ్య వయసుకు చిన్నది, ఒడ్డుకు పెద్దది. ఆవు ఒడ్డుకు చిన్నది, వయసుకు పెద్దది. ఇదైతే రెండిటికీ చిన్నదే, ఎవురూ తప్పు పట్టేదానికి లేదు."

"దూడ మద్రాసుకు యాలని నన్నొక మాట అడగకూడదా?"

మునెప్ప నా వైపు చూసినాడు. "పెద్దోళ్ళు సెప్పినాక మళ్ళీ మళ్ళీ అడగకూడదని పాపే సెప్పింది సామీ."

మా అవ్వ అడిగింది, "అయితే నువ్వు పంపమనింది ఏ చిన్నదాన్నిరా?"

మా నాయన నా వైపు చెయ్యి చూపించినాడు. మొకం మాత్రం బస్సు పొయ్యి వైపు తిప్పుకున్నాడు. "మన ఇంట్లో ఇంకో చిన్నది ఉండాది కదా. పోయి మూట తెచ్చుకోమను. వచ్చేటప్పుడు ఆ నిచ్చెన తీసి కొట్టంలో పెట్టమను."

అట్లా నేను మద్రాసుకు పోతాండానని నాకు తెలిసింది. నిచ్చెన నేనే మోసుకపోయి పెట్టినా, చీర చెంగు నేల మీద ఊడ్చుకుంటా. బస్సులో వాళ్ళంతా కాచుకున్నారు. నాకోసం కాదు, ఆవు దోవ ఇడవలేదు. ఆ చేమంతి దండ దూడ మెడలో నుంచి తీసి మునెప్ప నాకిచ్చినాడు. దాంట్లో సగం అప్పటికే అది నమిలేసింది.

ఆ బొగ్గు పొగ సాక్షిగా ఆ దినమే ఒట్టు పెట్టుకున్నా. ఈ జన్మలో ఎవరైనా "చిన్నది" అంటే వయసు ఎంత, ఎత్తు ఎంత, కాళ్ళెన్ని, అంతా అడిగి తెలుసుకోనిదే వేలు కూడా కదపకూడదని. అరవై యేండ్ల పైమాట. ఇంతవరకు తప్పలేదు.

కాబట్టి అమ్మలూ, కంబళి సంగతి. ఒకటి కొలతకు చిన్నది, మా అవ్వది, నాకంటే ముసలిది. ఇంకొకటి ఒడ్డుకు పెద్దది, పోయిన యేడు కొన్నది. ఏది కావాల్నో మూరల్లో చెప్పండి. అది గూడా మీ ఇద్దరిలో చిన్నదే ఫోను చేసి చెప్పాల. చిన్నదంటే ఎవురవ్వా, చెల్లి నాకంటే పొడుగు కదా అని పెద్దది అడిగిందంటే మాత్రం, రెండు కంబళ్ళూ ఈడనే ఉంటాయి.